41 ఏళ్లకి చెప్పారు, గుండెలో గదులు తారుమారని. పేస్‌మేకర్ ఇక్కడే పెట్టించుకోవాలా, మద్రాసు పోవాలా?

గుంటగట్టు · అల్లూరు · శనివారం రాత్రి 11:20

అందరికీ నమస్తే. నేను ఎప్పుడూ రొయ్యల రేట్ల విభాగంలోనే రాస్తుంటా, ఆరోగ్యం పక్కకి రావడం ఇదే మొదలు. నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పడుకోని టైప్ చేస్తున్నా. కుడి తొడ కాడ నుంచి గుండెలోకి వైరు వేసుంది, కాలు మడవొద్దన్నారు. నిద్ర పట్టడంలే. తప్పులుంటే సర్దుకోండి.

మంగళవారం రాత్రి రెండింటికి కరెంటు పోయింది. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే వెన్నామి రొయ్య ఎంతసేపు ఓర్చుకుంటుందో ఇక్కడ చానా మందికి తెలుసు. పరిగెత్తుకుంటా పోయి జనరేటర్ హ్యాండిల్ రెండు తిప్పులు తిప్పినా. అంతవరకే గుర్తుంది. కళ్లు తెరిచేసరికి వాచ్‌మన్ మొహాన నీళ్లు కొడతా ఉన్నాడు. గుంటలో నీళ్లే, నోరంతా ఉప్పు. పొద్దున అల్లూరులో ఆర్ఎంపీ పల్స్ పట్టుకోని 36 అన్నాడు, మళ్లా పట్టుకోని మళ్లా 36 అన్నాడు, కారెక్కించాడు.

ఇక్కడ ఈసీజీ తీసి పాత హార్ట్ ఎటాక్ గుర్తులున్నాయి, బ్లాకు కూడా ఉందన్నారు. యాంజియో చేశారు. రక్తనాళాలు శుభ్రంగా ఉన్నాయి, ఒక్క బ్లాకు కూడా లేదన్నారు. మా బామ్మర్ది అడిగాడు, పొద్దున బ్లాకు ఉందంటిరి, ఇప్పుడు లేదంటిరి, ఏది నిజం సార్ అని. ఆయనకి కోపమొచ్చింది. ఎకోలో మైట్రల్ వాల్వు బాగా లీకు, ముందు పేస్‌మేకర్, నెలలో వాల్వు మార్పిడి అన్నారు.

నిన్న ఇంకో చిన్న డాక్టరు వచ్చి మళ్లా ఎకో పెట్టి నలభై నిమిషాలు చూశాడు. చూసి, "అన్నా, నీ గుండెలో కింది గదులు రెండూ అటుదిటు ఇటుదటు ఉన్నాయి, పుట్టుకతోనే. ఇది మైట్రల్ వాల్వే కాదు. పెద్దవాళ్లలో పుట్టుక లోపాలు చూసేవాళ్ల దగ్గరికి పో" అన్నాడు. పేరు సీసీటీజీఏ అని చీటీ మీద రాసిచ్చాడు. పెద్ద డాక్టరేమో అవన్నీ తర్వాత, సోమవారం పేస్‌మేకర్ పెట్టేద్దాం అంటున్నాడు.

నలభై ఒక్క ఏళ్లు నేను వల లాగినా, ఈత కొట్టినా, శబరిమల మూడుసార్లు నడిచినా. ఇప్పుడు పుట్టుకతో అంటే ఎట్ట నమ్మేది? ఎవరికన్నా ఇట్టాంటిది ఉంటే చెప్పండి. సోమవారం లోపల తేల్చుకోవాల.

పొదిలి పిల్లగాడు · శనివారం రాత్రి 11:41

అన్నా ముందు ధైర్యంగా ఉండు. గదులు తారుమారైతే మనిషి ఎట్టా బతుకుతాడు? నాకైతే అర్థం కాలేదు. ఎకో మాస్టారు చూస్తే బాగుండు.

ఎకో మాస్టారు · ఒంగోలు · ఆదివారం ఉదయం 5:55

చూశాను. ఇరవై ఏడేళ్లు ఎకో గదిలో చీకట్లో కూర్చున్నవాణ్ణి, డాక్టర్ని కాదు. ఆ లెక్కలోనే నా మాట తీసుకో నాయనా.

ముందు మీ బామ్మర్ది ప్రశ్న. అతను అడిగింది నూటికి నూరుపాళ్లు సబబు. బ్లాకు అనే మాట ఒకటే గానీ జబ్బులు రెండు. రక్తనాళంలో కొవ్వు అడ్డుపడితే మనవాళ్లు బ్లాకులంటారు, అది నీళ్ల పైపు తంటా. నీకున్న హార్ట్ బ్లాకు కరెంటు తంటా. పై గదుల్లో పుట్టిన కరెంటు కింది గదులకి దిగడం లేదు, కింది గదులు వాటంతట అవి నిమిషానికి 36 సార్లు కొట్టుకుంటున్నాయి. అందుకే పడ్డావు. రెండు మాటలూ నిజమే, చెప్పేవాళ్లకి ఓపిక లేదు.

ఇక గదుల సంగతి. మామూలు మనిషికి కుడి కింది గది ఊపిరితిత్తులకి తోడుతుంది, ఎడమ కింది గది ఒళ్లంతటికీ తోడుతుంది. ఊపిరితిత్తులు దగ్గర, ఒత్తిడి తక్కువ, కాబట్టి కుడి గది గోడ పల్చన. నీకు తల్లి కడుపులో గుండె గొట్టం మడత పడేటప్పుడు రెండో పక్కకి మడిచింది. కింది గదులు మారాయి. వాటి మీద నుంచి లేచే రెండు పెద్ద నాళాలు కూడా మారాయి. ఒక్కటే మారి ఉంటే పుట్టగానే నీలంగా మారేవాడివి. రెండూ మారేసరికి ఒక తప్పు రెండో తప్పుని సర్దేసింది. చెడ్డ రక్తం ఊపిరితిత్తులకే పోతోంది, మంచి రక్తం ఒంటికే పోతోంది. సీసీటీజీఏ అంటే కంజెనిటల్లీ కరెక్టెడ్ ట్రాన్స్‌పొజిషన్ ఆఫ్ ది గ్రేట్ ఆర్టరీస్. అందుకే ఆ జబ్బు పేరులోనే కరెక్టెడ్, అంటే సరిదిద్దుకున్నది అనే మాట ఉంది. 1875లో రోకిటాన్‌స్కీ అనే వియన్నా డాక్టరు దీన్ని రాసిపెట్టాడు. పుట్టుకతో వచ్చే గుండె లోపాల్లో ఇది వందకి ఒకటి కూడా ఉండదు. నేను నా సర్వీసు మొత్తం మీద చూసింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అందులో ఒకటి మొదటిసారి నేనూ తప్పే రాశాను. రిపోర్టు వెళ్లిపోయాక రాత్రి అన్నం తింటుంటే తట్టింది.

చిక్కెక్కడంటే, ఊపిరితిత్తుల కోసం పుట్టిన పల్చటి గది నలభై ఏళ్లుగా ఒంటికి తోడుతోంది. ఒక హెచ్‌పీ మోటారుకి రెండు హెచ్‌పీ లోడు కట్టావనుకో. తిరుగుతుంది, చాలా ఏళ్లు తిరుగుతుంది. తర్వాత వేడెక్కుతుంది.

గుంటగట్టు · ఆదివారం ఉదయం 6:20

మాస్టారూ, మోటారు లెక్కలో చెప్తే గానీ నాకెక్కలే. మరి పాత హార్ట్ ఎటాక్ అన్నారే, అది?

ఎకో మాస్టారు · ఆదివారం ఉదయం 6:48

అది ఎటాక్ కాదు. రెండు కింది గదుల మధ్య గోడలో కరెంటు మామూలుగా ఎడమ నుంచి కుడికి పారుతుంది. నీకు గదులే మారాయి కాబట్టి ఎదురు పారుతుంది. ఈసీజీ కాగితం మీద ఉండకూడని చోట క్యూ తరంగాలు, అంటే ముందుగా కిందకి దిగే గీతలు, పడతాయి, ఉండాల్సిన చోట పడవు. మిషను పైన అచ్చేసే నాలుగు ముక్కల్ని నమ్మితే పాత ఎటాక్ అనే అనిపిస్తుంది. నీ దగ్గర పాత ఈసీజీ ఏదైనా ఉంటే తీయించు. అప్పుడూ అలాగే ఉంటే సంగతి తేలిపోతుంది.

ఎకోలో ఆ చిన్న డాక్టరు దేన్ని చూసి ఉంటాడో చెప్తాను. నాలుగు గదులూ ఒకే బొమ్మలో కనపడేలా పెడితే నడిమధ్యన రెండు వాల్వులు, మైట్రలూ ట్రైకస్పిడూ, అతుక్కుని ఉంటాయి. ఆ రెండూ ఒకే ఎత్తులో ఉండవు. ట్రైకస్పిడ్ రవ్వంత కిందకి, గుండె మొన వైపు ఉంటుంది. మామూలుగా అది కుడి పక్క. నీకు ఎడమ పక్కది కిందకుండి ఉంటుంది. వాల్వు ఎప్పుడూ తన గదితోనే పోతుంది. అంటే ఎడమ పక్కనున్నది కుడి గది, లీకయ్యేది ట్రైకస్పిడ్. పది సెకన్ల పని, వెతకాలని తడితే. నలభై నిమిషాలు కూర్చున్నాడంటే ఆ కుర్రాడికి దండం పెట్టు.

గూడూరు సిస్టర్ · ఆదివారం ఉదయం 9:10

నేను మద్రాసులో క్యాథ్ ల్యాబ్‌లో, అంటే యాంజియోలు చేసి పేస్‌మేకర్లు పెట్టే గదిలో, స్టాఫ్ నర్సుని, సెలవుకి ఊరొచ్చాను. మాస్టారు చెప్పినదానికి పేస్‌మేకర్ సంగతి కలుపుతాను, ఎందుకంటే అన్న అడిగింది అదే.

పేస్‌మేకర్ కావాలి. అందులో రెండో మాట లేదు. ఈ జబ్బులో కరెంటు తీగ దారి కూడా పుట్టుకతోనే చుట్టు తిరిగి, సన్నగా ఉంటుంది. ఏటా వందలో ఇద్దరికి ఇలా పూర్తి బ్లాకు వస్తుంది అని లెక్క. కళ్లు తిరిగి పడ్డ మనిషి వాయిదా వేయకూడదు. అయితే ఏ రకం, ఎవరు పెడతారు అన్నది తేడా.

మామూలుగా వైరు కుడి పక్క కింది గదిలో పెడతాం. ఆ గది లోపల కండ గరుకుగా పోగులుపోగులుగా ఉంటుంది, వైరు కొన చిక్కుకుని నిలుస్తుంది. మీకు కుడి పక్కన ఉన్నది లోపల నున్నగా ఉండే గది. జారుతుంది. స్క్రూ ఉన్న వైరు వాడాలి. అది తెలిసినవాళ్లకి పెద్ద పని కాదు. అసలు సంగతి ఏంటంటే, ఆ ఒక్క పక్క నుంచే ఎప్పుడూ కొట్టిస్తూ ఉంటే, ఒంటికి తోడే రెండో గది వెనకబడి కొట్టుకుని ఇంకా నీరసపడే భయం ఉంది. అందుకని మీలాంటివాళ్లకి రెండు గదుల్నీ కలిపి కొట్టించే రకం, సీఆర్టీ అంటారు, అది పెట్టాలా అని ముందే ఆలోచిస్తారు. ఖర్చు ఎక్కువ. ఒకసారి మామూలుది పెట్టి, రెండేళ్ల తర్వాత మళ్లీ కోసి మార్చడం కంటే ఇప్పుడే అడగడం మంచిది.

తాత్కాలిక వైరుతో ప్రయాణం చేయొచ్చా అని భయం ఉంటుంది. చేయొచ్చు, మామూలు కారులో కాదు. మానిటరున్న అంబులెన్సు, పక్కన మనిషి, బయటి పేసింగ్ పెట్టెకి కొత్త బ్యాటరీ. అది షాపుల్లో దొరికే 9 వోల్టుల చదరపు బ్యాటరీయే. రెండోది జేబులో ఉండాలి. నెల్లూరు నుంచి 175 కిలోమీటర్లు, హైవే బాగుంది. కానీ డాక్టరుతో పోట్లాడి సంతకం పెట్టి వెళ్లిపోకండి. రెఫరల్ కాగితం, యాంజియో సీడీ, రెండు ఎకోల వీడియోలు, ఈసీజీలు అన్నీ అడిగి తీసుకోండి. రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు.

తెల్లమద్ది · ఆదివారం ఉదయం 10:02

ఇన్ని కోతలెందుకు? తెల్లమద్ది చెక్క పాలల్లో కాచి నలభై రోజులు తాగితే గుండె గట్టిపడుతుంది. మా మామగారికి స్టెంటు తప్పింది. ఈ డాక్టర్లంతా ఒకటే.

ఎకో మాస్టారు · ఆదివారం ఉదయం 10:15

అబ్బాయా, కషాయం తాగితే గదులు చోటు మారవు, తెగిన కరెంటు రాదు. తొడలో వైరుతో, మిషను కొట్టిస్తుంటే బతుకుతున్న మనిషికి చెప్పే మాట కాదిది.

మోడరేటరు · ఆదివారం ఉదయం 10:30

కషాయాల చర్చ వేరే దారం కింద పెట్టుకోండి. ఇక్కడ ఇంకోసారి వస్తే తీసేస్తాను. ఆపై ఆరు జవాబులు తీసేశాను, అందులో మూడు మాస్టారివే.

మూలాపేట కోడలు · నెల్లూరు · ఆదివారం మధ్యాహ్నం 2:40

అన్నా, పుట్టుకతో ఉన్నది ఇన్నేళ్లకి ఎట్ట బయటపడుద్ది అన్నారు గదా. నాకు 34కి బయటపడింది.

రెండో కాన్పు తర్వాత మెట్లెక్కితే ఆయాసం. ఆస్తమా అన్నారు. ఆరేళ్లు పంపులు పీల్చినా. ప్రతి శీతాకాలం రెండుసార్లు దగ్గు, నెబ్యులైజరు. రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువు కాడికి పిల్లల్ని తీసుకోని పోతే జనంలో నడవలేక చెరువు మెట్ల మీద కూలబడిపోయినా. మా ఆయన ఆ రాత్రే గుండె డాక్టరు కాడికి తీసుకెళ్లాడు. ఎకోలో కుడి పక్క గదులు ఉబ్బి ఉన్నాయి, ఎందుకో తెలీదు, రంధ్రం ఏం కనపడలేదు అన్నారు. ఊపిరితిత్తుల ప్రెషర్ అని రాసి మాత్రలిచ్చారు.

ఇంకో చోట ఒక పెద్దావిడ డాక్టరు స్టెతస్కోపు పెట్టి చానాసేపు విన్నది. గుండె రెండో చప్పుడు రెండు ముక్కలుగా వినపడుతోంది, ఊపిరి తీసినా వదిలినా ఆ సందు మారట్లే అంది. ఎడం చేతికి సూదేసి నురగ సెలైన్ ఎక్కించి ఎకో చూశారు, తర్వాత గొంతులో గొట్టం వేసి చూశారు, సీటీ తీశారు. రంధ్రం ఉంది. మామూలు చోట కాదు, పైన పెద్ద సిర గుండెలోకి దిగే మూల. దాన్ని సైనస్ వీనోసస్ అంటారంట. దాంతోపాటు కుడి ఊపిరితిత్తి నుంచి రావాల్సిన రక్తనాళం ఒకటి తప్పుడు పక్క కలిసింది. ఛాతీ మీద పెట్టే ఎకోకి ఆ మూల అందదంట.

మా చుట్టాలంతా రంధ్రానికి బటన్ పెడతారు గదా, తొడలోంచే అయిపోద్ది, ఆపరేషన్ ఎందుకు, డబ్బు గుంజడానికి అన్నారు. బటన్ నిలవాలంటే రంధ్రం చుట్టూ అంచు ఉండాలి, నా దానికి ఒక పక్క అంచే లేదు. తెరిచి కుట్టారు. ఇప్పుడు నాకు 38. పంపులు ఆరేళ్ల నుంచి వాడినవి ఒక్కరోజులో చెత్తబుట్టలో వేసినా. ఆరోజు తీసిన ఫోటో ఇప్పటికీ ఫోన్లో ఉంది.

చీమకుర్తి గెలాక్సీ · ఆదివారం సాయంత్రం 5:05

డబ్బు మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనెత్తుతున్నా. నాకు బృహద్ధమని వాల్వుకి మూడు రెక్కల బదులు రెండే, పుట్టుకతో. ఇది అరుదేం కాదంట, వందలో ఒకరిద్దరికి ఉంటుందంట. నాకు 38కి గడ్డకట్టినట్టు బిగుసుకుపోయి వాల్వు మార్చారు. గ్రానైట్ క్వారీలో సూపర్వైజర్ని, దుమ్ము వల్ల ఆయాసం అనుకున్నా.

బీమా కంపెనీ క్లెయిము తిప్పికొట్టింది. "పుట్టుకతో వచ్చిన జబ్బు, దాచిపెట్టి పాలసీ తీసుకున్నారు" అని ఉత్తరం. నాకే తెలియనిది నేనెట్టా దాస్తా? తర్వాత తెలిసింది, డిశ్చార్జి కాగితంలో ఎవరో జూనియరు "చిన్నప్పటి నుంచి గుండె జబ్బు ఉన్న వ్యక్తి" అని రాశాడు. అదే వాళ్లకి ఆయుధం. ఆసుపత్రి చుట్టూ నాలుగుసార్లు తిరిగి "ఫలానా తేదీన మొదటిసారి కనుగొనబడింది" అని సవరించి సీలు వేయించుకున్నా.

పాలసీ నిబంధనల్లో పుట్టుక లోపాల్ని బయటికి కనపడేవి, లోపలివి అని రెండుగా విడదీసి ఉంటారు. గుండెది లోపలిది. మీ పాలసీలో కొట్టేసింది ఏ రకాన్నో చదవండి. ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. కాదన్నా, 30 రోజుల్లో జవాబు రాకపోయినా హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు, మన రాష్ట్రం కూడా ఆ ఆఫీసు కిందకే వస్తుంది. ఏడాది లోపల వెళ్లాలి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. నాకు ఏడు నెలలు పట్టింది. వచ్చింది.

గుంటగట్టు · ఆదివారం సాయంత్రం 5:30

నాకు బీమా ఏదీ లేదన్నా. రొయ్యలకే లేదు, నాకేడిది.

చీమకుర్తి గెలాక్సీ · ఆదివారం సాయంత్రం 5:34

😀 అయితే రేషన్ కార్డు తియ్యి. 2007లో ఆరోగ్యశ్రీగా వచ్చిన పథకమే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ. పొద్దున్నే 104కి ఫోన్ కొట్టి, పోబోయే ఆసుపత్రి జాబితాలో ఉందో లేదో, ఈ రకం పేస్‌మేకర్ అందులో వస్తుందో రాదో, రెండూ విడివిడిగా అడుగు. ఒకటి అడిగి ఊరుకోవద్దు. లేకపోతే ముఖ్యమంత్రి సహాయనిధికి ఎమ్మెల్యే ఆఫీసు నుంచి పెట్టించుకో. ఎస్టిమేటు కాగితం అసలుది దాచుకో, వాళ్లకి జిరాక్సు ఇవ్వు.

పొదిలి పిల్లగాడు · ఆదివారం రాత్రి 8:15

రాత్రి రాయలేదు గానీ నాదీ ఇదే కథ అన్నా, చిన్నది. కానిస్టేబుల్ సెలక్షన్లకి పరుగు పాసయ్యా, మెడికల్లో బీపీ 180. ఇరవై ఆరేళ్లు నాకు. టెన్షన్ వల్ల అన్నారు, మాత్రలు వేసుకుని మళ్లా పోతే మళ్లా అంతే. ఒంగోలులో ఒక డాక్టరు ఒక చెయ్యి నా మణికట్టు మీద, ఇంకో చెయ్యి గజ్జలో పెట్టి కళ్లు మూసుకున్నాడు. గజ్జలో దెబ్బ ఆలస్యంగా, నీరసంగా వస్తోందన్నాడు. కాలికి బీపీ పట్టీ కట్టి చూస్తే చేతికన్నా 60 తక్కువ. పెద్ద రక్తనాళం వీపు దగ్గర పీక నొక్కినట్టు సన్నబడిపోయి ఉంది పుట్టినప్పటి నుంచీ. స్టెంటు వేసి విప్పారు. అప్పటిదాకా ఆరుగురు డాక్టర్లు బీపీ చూశారు, ఆరుగురూ చేతికే చూశారు.

ఉద్యోగం రాలా. కిరాణా కొట్టు పెట్టా.

గుంటగట్టు · సోమవారం ఉదయం 7:50

రాత్రంతా మా ఇంట్లో పంచాయతీ. మా అత్త ఎవరో దిష్టి పెట్టారంటది, ఈ క్రాపు బాగా వచ్చిందని. మా నాయన గూట్లోంచి పాత కాగితాలు వెతికి 2016లో తీసిన ఈసీజీ పట్టుకొచ్చాడు, అప్పుడు డెంగీకి చేరినప్పటిది. చిన్న డాక్టరుకి చూపిస్తే కాగితం వెలుతురుకి పెట్టి నవ్వాడు. అప్పుడూ అవే క్యూ తరంగాలంట మాస్టారూ. పైన మిషను అచ్చు కూడా అదే, పాత ఎటాక్ అనుమానం అని. తొమ్మిదేళ్లు గూట్లో ఉంది, ఎవురూ చదవలా.

పెద్ద డాక్టరుతో మర్యాదగానే మాట్లాడినాం. ముందు మొహం మాడ్చుకున్నాడు, తర్వాత ఆయనే మద్రాసుకి ఫోన్ చేశాడు. మంచోడే, పని ఒత్తిడి. పదకొండింటికి అంబులెన్సు. సిస్టరు చెప్పినట్టే మా బామ్మర్ది ట్రంకు రోడ్డులో మూడు షాపులు తిరిగి 9 వోల్టుల బ్యాటరీలు రెండు కొనుక్కొచ్చాడు. ఆసుపత్రోళ్లు మా దగ్గర ఉంది సార్ అంటే కూడా వినలా, జేబులోనే పెట్టుకున్నాడు.

కందుకూరు టీచరమ్మ · మంగళవారం రాత్రి 9:00

ఆయన క్షేమంగా చేరారనుకుంటున్నాను. మధ్యలో వేరే సంగతి తెస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా అక్క కూతురు, 23 ఏళ్లు. దడ దడ అంటే చూపించాం. ఎబ్‌స్టైన్ అన్నారు, తక్కువ స్థాయి. ట్రైకస్పిడ్ వాల్వు రెక్కలు ఉండాల్సినదానికన్నా కిందకి దిగి అతుక్కున్నాయట. అదనపు కరెంటు తీగ ఉంటే కాల్చేశారు, దడ పోయింది. ఆపరేషన్ అక్కర్లేదు, ఏడాదికొకసారి చూపించమన్నారు. సంబంధం కుదిరింది, వచ్చే నెల నిశ్చితార్థం. చెప్పాలా వద్దా అని మా ఇంట్లో రెండు పార్టీలు. బావగారు వద్దంటున్నారు.

బ్యారన్ కాడ · కొండపి · మంగళవారం రాత్రి 9:25

చెప్పొద్దమ్మా. నయమైన జబ్బు గదా. మగపిల్లోడికి షుగరుంటే వాళ్లు చెప్తారా? చెప్తే ఈ సంబంధం పోద్ది, ఊళ్లో పేరు పోద్ది, ఇంకోటి రాదు. పెళ్లయ్యాక మెల్లగా చెప్పుకోవచ్చు.

మూలాపేట కోడలు · మంగళవారం రాత్రి 9:50

అన్నా, కోపం తెచ్చుకోవద్దు, మీకు తెలీదు. నా జబ్బు నాకే తెలీదు పెళ్లికి, మా అమ్మానాన్నలకీ తెలీదు. అయినా ఆపరేషనయ్యాక మూడు నెలలు మా అత్తగారు "పుట్టింట్లో తెలిసే అంటగట్టారు" అని వచ్చినవాళ్లందరి ముందూ అనింది. కుట్లు మానకముందే ఆ మాటలు పడినా. నిజంగా తెలిసి దాస్తే ఆ పిల్ల ఏం పడాల్సొస్తుందో ఆలోచించండి. కడుపుతో ఉన్నప్పుడు దడ వస్తే ఎవరికి చెప్పుకుంటది?

గూడూరు సిస్టర్ · మంగళవారం రాత్రి 10:20

టీచరమ్మా, వైద్యం పక్క నుంచి ఒక్క మాట. తక్కువ స్థాయి ఎబ్‌స్టైన్ ఉన్న ఆడపిల్లలు చాలామంది బాగానే కంటారు. కాకపోతే కడుపు రాకముందే ఒకసారి గుండె డాక్టరుకి చూపించాలి, కాన్పు ఎక్కడో ముందే అనుకోవాలి, 18 నుంచి 22 వారాల మధ్య బిడ్డ గుండెకి ఎకో తీయించాలి. ఇవన్నీ మొగుడికి తెలియకుండా జరిగేవి కావు. అసలు కడుపే రాకూడదు అనే గుండె లోపాలు వేరే ఉన్నాయి. రంధ్రం చాలా ఏళ్లు వదిలేసి, ఊపిరితిత్తుల ప్రెషర్ ముదిరి, రక్తం ఎదురు తిరిగి పెదాలు నీలంగా మారితే ఐసెన్‌మెంగర్ అంటారు. అక్కడ తల్లి ప్రాణానికే గండం. మీ పాపది ఆ కోవలోది కాదు. ఆ తేడా చెప్పగలిగే డాక్టరు దగ్గరికి పిల్లవాణ్ణి కూడా తీసుకెళ్లండి.

బ్యారన్ కాడ · మంగళవారం రాత్రి 10:31

మీరు చెప్పేది బానే ఉంది. పొగాకు అమ్మి కట్నం కట్టేవాడికి తెలుస్తుంది నొప్పి. నేనింక రాయను.

గుంటగట్టు · పదహారు రోజుల తర్వాత · గురువారం రాత్రి 8:40

ఇంటికొచ్చినా. అందరూ మెసేజిలు పెట్టారు, ఎడం చెయ్యి ఎత్తొద్దన్నారు కాబట్టి ఒంటి చేత్తో రాస్తున్నా.

ఆడ పోయిన గంటకే ఎకో, మర్నాడు సీటీ. బొమ్మ తెర మీద తిప్పి చూపించి, ఇదో నీ గుండె అన్నాడు డాక్టరు. నాకేం అర్థం కాలా, జామకాయ లాగుంది. గదుల మధ్య రంధ్రం లేదు, ఊపిరితిత్తుల దారిలో బిగుతు లేదు. అవి రెండూ తోడు లేకపోవడం వల్లే ఇన్నాళ్లు పరిగెత్తినావు అన్నాడు. 2000లో అచ్చయిన పెద్ద లెక్క ఒకటి చెప్పాడు, 45 ఏళ్లు వచ్చేసరికి తోడు లోపాలున్నవాళ్లలో 67 శాతం మందికి గుండె నీరసపడితే, లేనివాళ్లలో 25 శాతం మందికే అంట. నేను ఆ 25లో పడతానో, మిగతా వాళ్లలో పడతానో చూడాల.

సీఆర్టీయే పెట్టారు, మూడు వైర్లు. వాల్వు లీకు ఓ మోస్తరు, ఇప్పుడే మార్చేది లేదు. గుండె కొట్టే శక్తి 45 శాతం ఉంది. ఆ లీకు పెరిగినా, ఆ అంకె కిందకి జారినా అప్పుడు మారుస్తారంట. 40 కంటే దిగిపోయిందాకా మాత్రం ఆగకూడదంట, ఆగితే వాల్వు మార్చినా గది తేరుకోదు. నెల్లూరులో నెలలో మార్చేద్దాం అన్నదానికీ, ఇప్పుడు ఆర్నెల్లకోసారి చూద్దాం అన్నదానికీ మధ్య అంబులెన్సు ప్రయాణమే తేడా.

మొత్తం ఆరు లక్షల ఎనభై వేలైంది. నేను పోయిన చోట మన పథకం లేదు, 104 వాళ్లు ముందే చెప్పారు. తెలిసే పోయినా. క్రాపు డబ్బులు మూడున్నర, మా ఇంటామె నగలు కుదవ, మిగతాది బామ్మర్ది. సహాయనిధికి పెట్టినాం, ఇంకా రాలా. పళ్లు శుభ్రంగా పెట్టుకో, చిగుళ్ల నుంచి క్రిములు గుండెకి పోతాయి అన్నారు. రోజుకి రెండుసార్లు తోముతున్నా, మా పాప నవ్వుతా ఉంది.

కందుకూరు టీచరమ్మ · గురువారం రాత్రి 9:05

చాలా సంతోషం బాబూ. మేమూ చెప్పాం. పిల్లవాడు రిపోర్టులు అడిగాడు, పంపాం. వాళ్ల అమ్మగారు రెండు రోజులు టైమివ్వండి అన్నారు. ఇవాళ ఐదో రోజు.

పొదిలి పిల్లగాడు · గురువారం రాత్రి 9:11

అన్నా పల్స్ ఎంత ఇప్పుడు?

గుంటగట్టు · గురువారం రాత్రి 9:15

కూచోనుంటే 60. దానికంటే దిగకుండా కట్టారు. గేటు దాకా నడిస్తే 80.

ఎకో మాస్టారు · గురువారం రాత్రి 9:40

మంచి కబురు. ఇంకో ఆరు వారాలు ఎడం చెయ్యి భుజం దాటి పైకి లేపకు, వైర్లు కుదురుకోవాలి. ఫోను ఎడం జేబులో పెట్టుకోకు, కుడి చెవి దగ్గరే మాట్లాడు. ఏరియేటర్ల దగ్గర తిరగొచ్చు, మోటారు మీద ఛాతీ ఆనించి వంగకు. గుంట దగ్గర వెల్డింగు పని నీ చేత్తో చేయకు. పిల్లలకి ఎకో తీయించావా? నీ అన్నదమ్ములు?

గుంటగట్టు · గురువారం రాత్రి 9:52

పాపకీ, బాబుకీ తీయించినా, ఇద్దరికీ బాగుంది. మా తమ్ముడు రేపు నెల్లూరు పోతాడు. చిన్న డాక్టరే చూస్తానన్నాడు. ఆయనకి మా గుంట రొయ్యలు రెండు కేజీలు పంపినా, 30 కౌంటువి, కేజీకి ముప్పై తూగేవి.

ఎకో మాస్టారు · గురువారం రాత్రి 9:58

జనరేటర్ హ్యాండిల్ ఎవరు తిప్పుతున్నారు మరి?

గుంటగట్టు · గురువారం రాత్రి 10:04

సెల్ఫ్ స్టార్టుది పాతది ఒకటి బేరం చేస్తున్నాం. అందాకా మా బామ్మర్ది. ముందు వాడికి కూడా ఎకో తీయించినాం.

ఎకో మాస్టారు · గురువారం రాత్రి 10:06

బామ్మర్దికెందుకయ్యా, నీ రక్తసంబంధం కాదు గదా.

గుంటగట్టు · గురువారం రాత్రి 10:09

ఆ మాట మా ఇంటామె ముందు చెప్పలేం మాస్టారూ. వాడి జేబులో ఆ బ్యాటరీలు రెండూ ఇంకా అట్టనే ఉన్నాయి.